మనిషి లోపల ఉన్నాడు

లైబ్రరీలో కంప్యూటర్ల గది ఆమె చూసుకుంటుంది. ఆ గదికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది ఉద్యోగాల నుంచి దిగిపోయినవాళ్లు. వాళ్ల ఫిర్యాదులు ఒక్కలాగే ఉంటాయి. అక్షరాలు చీమల్లా ఉన్నాయి. వార్త చదువుతుంటే చెప్పుల ప్రకటన వచ్చి మీద పడుతోంది. ఏదో నొక్కితే ఇంకేదో తెరుచుకుంది. ఆమె పక్కన కుర్చీ లాక్కుని కూర్చుని, బ్రౌజరుకు ఏ ఎక్స్‌టెన్షన్ తగిలించుకోవాలో, ఏది తగిలించుకోకూడదో చెబుతుంది. అక్షరాలు పెంచేది ఒకటి, ప్రకటనలు ఆపేది ఒకటి, పేజీని పైకి చదివి వినిపించేది ఒకటి. ఈ మూడూ చాలంటుంది.

"ఉచితంగా వస్తోంది కదమ్మా, ఇది కూడా వేసెయ్," అంటారు వాళ్లు.

"ఉచితమని ఇంట్లోకి ఎవర్ని పడితే వాళ్లని రానిస్తామా తాతగారూ? ఎవరు తయారుచేశారో చూడాలి. ఇంకా చూసుకుంటున్నారో, గాలికొదిలేశారో చూడాలి. లోపలికొచ్చి ఏమేం ముట్టుకుంటానంటోందో చదవాలి. ఆ తర్వాతే పెట్టుకోవాలి."

తాతల కంప్యూటర్లు పట్టుకొచ్చే మనవలకోసం ఆమె గోడకు ఒక కాగితం అంటించింది. "ఎదుటివారికి చెప్పకుండా వారి కంప్యూటరులో ఏదీ పెట్టకండి" అని దాని మీద రాసి ఉంది.

ఆ కాగితం అంటించిన చేత్తోనే ఆమె నాన్న కంప్యూటరులో నాలుగోది పెట్టింది.

నాన్న లిఫ్టు మెకానిక్. పని మానేసిన మరుసటి ఏడాది ఆయన కుడిచేయి వణకడం మొదలైంది. డాక్టరు పార్కిన్సన్స్ అన్నాడు, మాత్రలు రాశాడు, నిదానంగా నడిచే జబ్బు, భయపడకండి అన్నాడు. నాన్న భయపడలేదు. ఇంటికొచ్చి కంప్యూటరు ముందు కూర్చున్నాక భయపడ్డాడు. రోజూ సాయంత్రం ఆ జబ్బు గురించే చదివేవాడు. ఎవరికి మాట పోయింది, ఎవరు మంచాన పడ్డారు, ఏ మాత్ర వల్ల ఎవరికి ఏమైంది. చదివి చదివి మాత్రలు మానేశాడు. అమ్మ దుప్పటి మారుస్తుంటే పరుపు కింద మాత్రలు దొరికాయి.

"ఆ చదువు మానిపించండి ముందు," అన్నాడు డాక్టరు.

ఆదివారం ఆమె నాన్న కంప్యూటరు ముందు కూర్చుంది. నాన్న పక్కన స్టూలు వేసుకున్నాడు.

"ఇవేంటే?"

"బ్రౌజరుకి అదనంగా తగిలించేవి నాన్నా. నీకు అక్షరాలు పెద్దగా కనపడతాయి. కళ్లు లాగితే అదే చదివి పెడుతుంది."

"అంటే లిఫ్టులో ఫ్యాను పెట్టించమంటారే, అలాగా?"

"అలాగే."

"ఫ్యానంటారు, తర్వాత అద్దమంటారు, తర్వాత పాటంటారు. చివరికి మనుషులెక్కే చోటుండదు. చూసి పెట్టు."

మూడు పెట్టింది. మూడింటికీ ఆయన సరేనన్నాడు. ఆయన టీకి లేచి వెళ్లాక నాలుగోదానికోసం వెతికింది. మనం కొన్ని మాటలు ఇస్తే, ఆ మాటలున్న పేరాను పేజీలో కనపడకుండా చేసే ఎక్స్‌టెన్షన్లు ఉన్నాయి. కొన్ని, దాచినచోట నల్లటి పట్టీ వేస్తాయి. కొన్ని, "ఇక్కడ ఒకటి దాచాం" అని చెబుతాయి. ఆమె వాటిని ఒక్కొక్కటే పెట్టి చూసి తీసేసింది. దాచిన చోటును కూడా మూసేసి, పై పేరాను కింది పేరాతో కలిపేసేది ఒకటి దొరికింది. అది ఉంచింది. వణుకు, పార్కిన్సన్స్, ఆపరేషన్, నాన్న వేసుకునే మాత్ర పేరు. ఈ నాలుగు మాటలు దానికి ఇచ్చింది. దాని గుర్తును కూడా పైపట్టీలో కనపడకుండా లోపలికి నెట్టేసింది.

నాన్న టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని వచ్చాడు. "అయిందా?" అన్నాడు.

"అయింది," అంది.

కొద్దిరోజుల్లో నాన్న క్రికెట్ స్కోర్లు చదవడం మొదలుపెట్టాడు. మాత్రలు వేసుకుంటున్నాడు. "నువ్వేం మంత్రం వేశావే?" అంది అమ్మ. ఆమె నవ్వేసింది.

నాన్నకు ఒక్కడే స్నేహితుడు. జంటగా ముప్పై ఏళ్లు పనిచేశారు. మోటారు గది మిద్దె మీద ఉంటుంది కాబట్టి అతను మధ్యాహ్నం పిట్టగోడ నీడన పడి నిద్రపోయేవాడు. అందుకని నాన్న అతన్ని పిట్టగోడ అనేవాడు. లిఫ్టు కింద గుంటలోకి దిగి పనిచేసేది నాన్న కాబట్టి అతను నాన్నను పాతాళం అనేవాడు. అసలు పేర్లు జీతం తీసుకునే రోజున తప్ప వినపడేవి కావట.

ఆ పనిలో ఒక కట్టుబాటుంది. ఒకరు గుంటలోకి దిగేముందు మిద్దె మీద మెయిన్ స్విచ్ కట్టేసి, దానికి రేకు బోర్డు తగిలిస్తారు. "మనిషి లోపల ఉన్నాడు" అని ఉంటుంది దాని మీద. తగిలించినవాడే దాన్ని తీయాలి. యజమాని చెప్పినా, దేవుడు దిగివచ్చి చెప్పినా ఇంకొకరు తీయకూడదు. ఒకసారి పిట్టగోడ ఏదో నట్టు తేవడానికి వెళ్లాడు. ఆ భవనం వాచ్‌మన్ మిద్దెకొచ్చి బోర్డు తీసి స్విచ్ వేశాడు. లిఫ్టు కిందికి దిగింది. నాన్న గుంట మూలకు అతుక్కుపోయి బతికాడు. పైకి తెచ్చాక వాచ్‌మన్ ఏడుస్తూ ఒక్కటే మాట అన్నాడట. "పాపం ముసలావిడ మెట్లెక్కలేక కూర్చుండిపోయింది సార్. మంచికే తీశాను." ఆ రోజు నుంచి పిట్టగోడ స్విచ్ దగ్గర నుంచి కదల్లేదు. కదల్లేదంటే అసలు కదల్లేదు. "ఒంటేలుకి కూడా వెళ్లేవాడు కాదు, పక్కన డబ్బా పెట్టుకునేవాడు," అని నాన్న చెబితే, "అన్నం తినే ముందా ఆ కథ!" అని అమ్మ విసుక్కునేది.

పిట్టగోడ ఇప్పుడు కూతురి దగ్గర వేరే ఊళ్లో ఉన్నాడు. మోటార్ల హోరులో చెవులు పోయాయి, ఫోనులో మాట్లాడలేడు. వణికే చేతికి టచ్ ఫోను పనికిరాదు కాబట్టి నాన్న దగ్గర మీటల ఫోనే ఉంది. ఇద్దరికీ మిగిలింది కంప్యూటరులో ఒక పేజీ. అందులో రాసుకుంటారు.

ఒక సోమవారం ఆమె లైబ్రరీ నుంచి వచ్చేసరికి నాన్న కంప్యూటరు మూసేసి గోడవైపు తిరిగి కూర్చున్నాడు.

"ఏమైంది?"

"మీ నాన్నకీ పిట్టగోడ అన్నయ్యకీ మాటల్లేవు," అంది అమ్మ వంటగదిలోంచి. "చిన్నపిల్లలు నయం."

"వాడికి మతి చలించింది," అన్నాడు నాన్న. "నీకో సంగతి చెప్పాలిరా అంటాడు. చెప్పడు. చెప్పకుండానే, ఇంతకాలం చెప్పనందుకు తిట్టు అంటాడు. నీకు మతి పోయిందా అని రాశాను. రెండు రోజులకి, నువ్వలా అంటావనుకోలేదట! పైగా, రాలేనంటే రాలేనని చెప్పు, ఏమీ అనుకోను అంటాడు. ఎక్కడికిరా అన్నాను. దానికి కోపం. సరే, నీ ఇష్టం, ఇక అడగను. ఇదీ వరస. ఏమడిగాడని? నేనేం కాదన్నానని?"

చెప్పుల పట్టీ విప్పుతున్న ఆమె చెయ్యి ఆగిపోయింది.

నాన్న స్నానానికి వెళ్లాక కంప్యూటరు తెరిచింది. నాన్న చెప్పింది చెప్పినట్టే ఉంది. ఒక వాక్యం కింద ఇంకో వాక్యం. మధ్యలో ఖాళీ లేదు. ఖాళీ లేకపోవడానికే కదా దాన్ని ఏరి తెచ్చింది. లోపలికి నెట్టిన గుర్తును బయటికి లాగి, ఎక్స్‌టెన్షన్‌ను ఆపింది. పేజీ ఒక్కసారి కదిలింది. వాక్యాలు ఒకదానికొకటి దూరం జరిగాయి. మధ్యలోంచి పిట్టగోడ మాటలు పైకి వచ్చాయి.

నిలబడే చదివింది. రెండోసారి కూర్చుని చదివింది. బాత్‌రూము గడియ చప్పుడైంది. ఆమె చెయ్యి ఆమెను అడక్కుండానే ఎక్స్‌టెన్షన్‌ను మళ్లీ వేసేసింది. వాక్యాలు మళ్లీ దగ్గరికొచ్చి అతుక్కున్నాయి.

"ఏం చూస్తున్నావే?" అన్నాడు నాన్న తువ్వాలుతో తల తుడుచుకుంటూ.

"ఏం లేదు నాన్నా. ఇంటర్నెట్ వస్తోందా లేదా అని."

పెట్టినప్పుడు ఆమెకు తప్పనిపించలేదు. తెలిసి మళ్లీ వేసిన ఈ క్షణాన్ని మాత్రం ఏ పేరుతోనూ కప్పలేకపోయింది. భోజనం దగ్గర నాన్న పిట్టగోడను తిట్టినప్పుడల్లా తేలు కుట్టిన దొంగలా కంచంలోకి చూసింది. "నీకేమైందే, తినవేం?" అని అమ్మ అడిగితే తలనొప్పి అంది. "అందరికీ ఒకేసారి రోగాలు," అంది అమ్మ.

మంగళవారం లైబ్రరీకి ఒకావిడ వచ్చింది. భర్త ఊరికే వార్తలు చూసి రక్తపోటు తెచ్చుకుంటున్నాడట. ఆయనకు తెలియకుండా వార్తలు రాకుండా చేసేది ఏదైనా ఉందా అని అడిగింది. ఉందని చెప్పడానికి ఆమె నోరు తెరిచింది.

"ఆయనకి చెప్పి పెట్టండి," అంది.

"చెబితే పెట్టనిస్తాడా?"

"పెట్టనివ్వకపోతే పెట్టకండి."

"ఏం మాటమ్మా! మనిషి మంచికోరి అడుగుతుంటే." ఆవిడ గోడ మీది కాగితం వైపు చూసింది. "నువ్వు ఈ రూలు ఇంట్లో కూడా పాటిస్తావా?" అంది నవ్వుతూ. ఆవిడ మామూలుగానే అంది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, ఆమె లేచి కిటికీ తలుపు సర్దింది. అది సరిగ్గానే ఉంది.

పిట్టగోడ రాసింది గురువారం గురించి. మధ్యలో బుధవారం ఒక్కటే ఉంది.

ఇంటికి వెళ్లేసరికి నాన్న మాత్రల డబ్బా మూత తీయడానికి ప్రయత్నిస్తున్నాడు. అమ్మ బట్టలు మడతపెడుతోంది. ఆమె సంచీ కింద పెట్టకుండానే చెప్పింది.

"నాన్నా, నీ కంప్యూటరులో నీకు చెప్పకుండా నేనొకటి పెట్టాను. పిట్టగోడ బాబాయ్ రాసినవాటిలో కొన్ని అది నీకు కనపడకుండా దాచింది."

నాన్న డబ్బా బల్ల మీద పెట్టాడు. "మెల్లిగా చెప్పు."

చెప్పింది. నాలుగు మాటలూ చెప్పింది. పట్టీ కనపడేవి వదిలేసి, కనపడనిదాన్ని ఏరుకున్నదీ చెప్పింది. నిన్న చూసి మళ్లీ మూసేసిన సంగతీ చెప్పింది.

"ఎందుకు పెట్టావు?"

"నువ్వు మాత్రలు మానేశావు. రోజూ అవే చదివి భయపడుతున్నావు. నీ మంచికే..."

"వాచ్‌మన్ కూడా అదే అన్నాడు."

అమ్మ మడతపెడుతున్న చొక్కాను ఒళ్లో పెట్టుకుంది. "దాని ఉద్దేశం మంచిదేగా," అంది.

"ఉద్దేశం సంగతి ఎవరూ అడగట్లేదు. నువ్వుండు." నాన్న లేచి కంప్యూటరు ముందు కూర్చున్నాడు. "తియ్యి దాన్ని."

"నువ్వే తీసెయ్ నాన్నా, చూపిస్తాను."

"నేను తియ్యను. తగిలించినవాళ్లే తియ్యాలి. ఏం చేస్తున్నావో పైకి చెబుతూ తియ్యి."

ఆమె చెబుతూ తీసింది. ఇక్కడ నొక్కితే పెట్టినవన్నీ కనపడతాయి. ఇది నాలుగోది. ఇది తీసెయ్యమని. నిజంగా తీసెయ్యాలా అని అడుగుతోంది. అవునంటున్నాను. పోయింది. తర్వాత పిట్టగోడ పేజీ తెరిచి, అలవాటు కొద్దీ పైకి చదివే ఎక్స్‌టెన్షన్ మీదికి బాణాన్ని తీసుకెళ్లింది.

"యంత్రం వద్దు. నువ్వు చదువు," అన్నాడు నాన్న.

ఆమె చదివింది.

"ఒరేయ్ పాతాళం, నీకో సంగతి చెప్పాలి. నాకూ వణుకు ఉంది. నీకంటే చాలా ముందే వచ్చింది. చెవులు పోయిన మాట నిజమే గానీ పని మానేసింది అందుకు కాదు, చేతిలో స్క్రూడ్రైవర్ నిలవలేదు. నీకు చెప్పడానికి సిగ్గేసింది. ఇంతకాలం చెప్పనందుకు తిట్టు. పడతాను."

"తర్వాత?"

తర్వాత ఉన్నది నాన్న జవాబు.

"చదవవేం? నేను రాసిందేగా."

"నీకు మతి పోయిందా," అని చదివింది. ఆ మాట ఈసారి ఆమె నోట్లోంచి వచ్చింది. అమ్మ "అయ్యో" అంది.

"తర్వాత."

"నువ్వలా అంటావనుకోలేదు. అయినా అడుగుతున్నాను. గురువారం పొద్దున ఇక్కడి పెద్దాసుపత్రిలో ఆపరేషన్. తలలోకి వైరు పంపిస్తారట, ఛాతీలో బ్యాటరీ పెడతారట. మొత్తానికి నన్నే లిఫ్టును చేస్తున్నారు. ఎప్పుడూ నువ్వు లోపల, నేను స్విచ్ దగ్గర. ఈసారి లోపలికి నేను వెళ్తున్నాను. స్విచ్ దగ్గర నువ్వుంటావా? రాలేనంటే రాలేనని చెప్పు, ఏమీ అనుకోను."

ఆ తర్వాతిది ఆమెను చదవమని నాన్న అడగలేదు. ఎక్కడికిరా అన్న తన మాట ఆయనకు గుర్తుంది.

నాన్న కీబోర్డు దగ్గరికి లాక్కున్నాడు. వేలు ఒక అక్షరం మీదికి వెళ్లి పక్క అక్షరం మీద పడుతోంది. ఆమె చెయ్యి చాపింది. ఆయన ఆ చేతివైపు చూశాడు. ఆమె వెనక్కి తీసుకుంది.

"తప్పు నాది. ఇప్పుడే చూశాను. గురువారం స్విచ్ దగ్గర ఉంటాను," అని రాశాడు. అది రాసేసరికి అమ్మ బట్టలన్నీ మడతపెట్టడం అయిపోయింది.

"నీది కాదుగా నాన్నా, నాది కదా."

"నీది నువ్వు వాడి ముందు చెప్పుకో. వేరేవాళ్ల చేత రాయించుకునేది కాదది."

"మాత్రలు..."

"నా మాత్రల సంగతి నేనూ డాక్టరూ చూసుకుంటాం. నువ్వు అందులోకి రాకు."

ఆ రాత్రి జవాబు రాలేదు. బుధవారం మధ్యాహ్నం బస్సెక్కేదాకా ఆమె చూస్తూనే ఉంది. రాలేదు. బస్సులో నాన్న కిటికీ పక్కన కూర్చున్నాడు. ఒళ్లో గుడ్డసంచీ ఉంది. సంచీలో ఏముందని ఆమె అడగలేదు. అడిగే హక్కు ఉందో లేదో తేల్చుకోలేకపోయింది.

గురువారం ఆసుపత్రి వరండాలోకి పిట్టగోడను చక్రాల మంచం మీద తెచ్చారు. తల గొరిగేశారు. చెవి మిషను తీసేశారు. అతను నాన్నను చూశాడు. చూసి, పైకప్పు వైపు కళ్లు తిప్పుకున్నాడు.

నాన్న ఆమె వైపు చూశాడు.

ఆమె మంచం దగ్గరికి వెళ్లి వంగింది. "బాబాయ్, నువ్వు రాసింది నాన్న చూడలేదు. నేను కనపడకుండా చేశాను," అంది.

"ఆఁ?"

"నేను దాచేశాను బాబాయ్!"

"ఏం దాచావ్? వినపడట్లా. గట్టిగా చెప్పు!"

తప్పును గుసగుసగా చెప్పుకుందామని వచ్చింది. అరిచి చెప్పుకోవలసి వచ్చింది. "నాన్న కంప్యూటరులో నీ మాటలు నేనే దాచాను! నాన్నకి తెలీదు! తప్పు నాది!" బెంచీల మీది మనుషులంతా తిరిగి చూశారు. ఒక పిల్ల వాళ్లమ్మను "ఏం దాచిందమ్మా?" అని అడిగింది. "ఇది ఆసుపత్రి అండీ," అంది నర్సు.

పిట్టగోడ ఆమెను పరీక్షగా చూశాడు. "ఎన్నాళ్లు దాచావు?" అన్నాడు.

ఆమె చెప్పింది. అరిచే చెప్పింది.

"నేను ఏళ్లు దాచాను. ఇందులో నీకంటే నేనే సీనియర్ని." నవ్వాడు గానీ ఆ నవ్వు తొందరగా ఆగిపోయింది. "కానీ అమ్మాయ్, ఈ వారమంతా నేను పడ్డది నువ్వు పడకూడదు." ఆ మాట అని నాన్న వైపు తిరిగాడు. "అయితే మతి పోయిందా అన్నది చదవకుండానేనా?"

"చదవకుండానే!" అని అరిచాడు నాన్న.

"చదివుంటే?"

"ఇంకా పెద్ద తిట్టు తిట్టేవాణ్ణి!"

పిట్టగోడ వణికే చెయ్యి పైకెత్తాడు. నాన్న వణికే చేత్తో అందుకున్నాడు. రెండూ కలిసి వణికాయి. "బోర్డు తెచ్చావా పాతాళం?" అన్నాడు.

నాన్న గుడ్డసంచీలోంచి రేకు బోర్డు తీశాడు. అంచులు తుప్పు పట్టాయి, అక్షరాలు మాత్రం ఉన్నాయి. తలుపు పిడికి తగిలించబోతే నర్సు ఒప్పుకోలేదు. ఏమీ తగిలించకూడదంది. నాన్న ఒక క్షణం నిలబడ్డాడు. తర్వాత బోర్డు తెచ్చి ఆమె చేతుల్లో పెట్టాడు.

"వాడు బయటికొచ్చేదాకా పట్టుకో. ఎవరడిగినా ఇవ్వకు. నేనడిగినా ఇవ్వకు."

మంచం లోపలికి వెళ్లింది. తలుపు మూసుకుంది. నాన్న తలుపు పక్కన గోడకు ఆనుకుని నిలబడ్డాడు. జేబులోంచి డబ్బా తీశాడు, మూతతో కాసేపు పెనుగులాడాడు, మాత్ర వేసుకున్నాడు. ఆమె బెంచీ మీంచి చూసింది. లేవలేదు.

పర్లేదులే అని ఇద్దరిలో ఎవరూ అనలేదు. అంటారని ఆమె ఎదురు చూడటం మానేసింది. సంచీలో ఫోను మోగింది, అమ్మ అయి ఉంటుంది. చేతులు ఖాళీ లేవు. మోగి మోగి ఆగిపోయింది. అప్పుడు చూసుకుంది. బోర్డు మీద రాసింది తనవైపుకు ఉంది. వరండాలో వచ్చేపోయేవాళ్లందరికీ కనపడేలా తిప్పి పట్టుకుంది.